కర్సర్ ఎక్కడుంది? స్క్రీన్ రీడర్‌తో డాక్యుమెంట్లు దిద్దడం గురించి ఒక ప్రసంగం

(స్క్రీన్ రీడర్ అంటే కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్. దాన్ని కొత్తగా నేర్చుకుంటున్నవారి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకు నా మాట వినబడుతోందా? సరే. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి. ఒక చెవి నాకివ్వండి, ఇంకో చెవి స్క్రీన్ రీడర్‌కివ్వండి. నేను చెబుతుండగానే నొక్కి చూడండి. మీ దగ్గరకు పంపిన ఫైల్‌ను మాత్రం ఇప్పుడే తెరవకండి, దాని సంగతి తర్వాత చెబుతాను. ఖాళీ ఫైల్ ఒకటి తెరిచి పెట్టుకోండి, చాలు.

నాకు చూపు లేదు. ఇతరులు రాసినవి దిద్దడం నా పని. వ్యాసాలు, నివేదికలు, పుస్తకాల ప్రూఫులు, ఏవి వచ్చినా దిద్దుతాను. ఈ మాట చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "చూడకుండా తప్పులు ఎలా పట్టుకుంటారు?" అని. తప్పు పట్టుకోవడం మీరనుకున్నంత కష్టం కాదండీ. తప్పు చెవిన పడుతుంది. కష్టమంతా ఆ తప్పు ఉన్న చోటికి వెళ్లి, సరిగ్గా దాని పక్కన నిలబడటంలో ఉంది. కర్సర్ ఎక్కడుంది? నేను ఈరోజు చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న గురించే. కర్సర్ ఎక్కడుంది? మీ దగ్గర ఎప్పుడూ దీనికి జవాబు ఉండాలి.

చూపున్నవాళ్లకు పేజీ మొత్తం ఎదురుగా ఉంటుంది. కర్సర్ ఎక్కడో మిణుకుమంటూ ఉంటుంది, మరిచిపోతే ఒకసారి చూస్తారు, అంతే. మనకు పేజీ అలా రాదు. ఒక్కో మాటే వస్తుంది, వచ్చిన మాట వెళ్లిపోతుంది. పక్కన ఒకరు కూర్చుని చదివి పెడుతుంటే ఎలా ఉంటుంది? "ఆగండి, వెనక్కి వెళ్లండి, ఆ మాట మళ్లీ చెప్పండి" అంటాం కదా. స్క్రీన్ రీడర్‌తో మనం చేసేది అదే. కాకపోతే ఆగమనడానికి ఒక కీ, వెనక్కి వెళ్లమనడానికి ఒక కీ, అక్షరాలు విడదీసి చెప్పమనడానికి ఒక కీ ఉన్నాయి.

ఈ పనిముట్లు ఎవరు చేశారో రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. ఎందుకంటే వీటిలో ముఖ్యమైనవి చూపులేనివాళ్లే మొదలుపెట్టారు. జాస్ అనే స్క్రీన్ రీడర్ 1989లో, అప్పటి కంప్యూటర్లను నడిపిన డాస్ కోసం వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన టెడ్ హెంటర్ మోటార్ సైకిల్ రేసర్. 1978లో కారు ప్రమాదంలో ఆయన చూపు పోయింది. ఎన్‌వీడీఏ అనే ఇంకో స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరికీ చూపు లేదు. చిన్నప్పుడు ఒక సంగీత శిబిరంలో కలుసుకున్న స్నేహితులు వాళ్లు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందుకే ఈరోజు కీలన్నీ ఎన్‌వీడీఏవే చెబుతాను. ఎన్‌వీడీఏ కీ అంటే ఇన్సర్ట్ కీ. కావాలంటే క్యాప్స్ లాక్‌నూ అలా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఆ ఖాళీ ఫైల్‌లో "పడవ" అని టైపు చేయండి. హోమ్ కీ నొక్కండి. ఇప్పుడు కుడి బాణం ఒకసారి నొక్కండి. ఏం వినబడింది? "డ". మరి కర్సర్ ఎక్కడుంది? డ దాటి ఉందా, డ మీద ఉందా, డకు ఎడమవైపు ఉందా? ఎవరైనా చెప్పండి. ...ఆ, ఆవిడ సరిగ్గా చెప్పారు. డకు ఎడమవైపు ఉంది. విండోస్‌లో ఎన్‌వీడీఏ ఏ అక్షరం పలికితే ఆ అక్షరం కర్సర్‌కు కుడివైపున ఉన్నట్టు. మ్యాక్‌లో ఉండే స్క్రీన్ రీడర్ వాయిస్ఓవర్ వాడేవాళ్లకు ఇది వేరుగా ఉంటుంది. అక్కడ కర్సర్ దాటిన అక్షరాన్ని పలుకుతుంది. రెండూ వాడేవాళ్లు కొన్నాళ్లు తికమక పడతారు.

ఇప్పుడు అక్కడే డిలీట్ నొక్కండి. ఏం వినబడింది? "వ". ఇక్కడే కొత్తవాళ్లు కంగారుపడతారు. "అయ్యో, వ పోయింది" అనుకుని మళ్లీ వ టైపు చేస్తారు. బాణం వేసి విని చూస్తే "పవవ" అని ఉంటుంది. నిజానికి పోయింది డ. డిలీట్ నొక్కితే స్క్రీన్ రీడర్ పోయిన అక్షరాన్ని చెప్పదు, ఇప్పుడు ఆ చోటికి వచ్చిన అక్షరాన్ని చెబుతుంది. బ్యాక్‌స్పేస్ అలా కాదు. బ్యాక్‌స్పేస్ నొక్కితే పోయిన అక్షరాన్నే పలుకుతుంది. మళ్లీ చెబుతాను, ఇది చెవిలో పడి ఉండాలి. బ్యాక్‌స్పేస్ పోయినదాన్ని చెబుతుంది. డిలీట్ మిగిలినదాన్ని చెబుతుంది. ఈ తేడా మీ వేళ్లకు అలవాటయ్యేదాకా ఇంకొకరి ఫైల్ ముట్టుకోకండి. కఠినంగా చెబుతున్నాననుకోవద్దు, వాళ్ల రాత మన చేతిలో ఉంటుంది కదా.

ఇంకో చిక్కుంది. కర్సర్ ఒకటి కాదు, రెండు. ఒకటి మనం టైపు చేసే చోట ఉండే కర్సర్. రెండోది రివ్యూ కర్సర్, ఇది చదవడానికి మాత్రమే. నంబర్ ప్యాడ్‌లో 7, 8, 9 వరుసలు చదువుతాయి, 4, 5, 6 పదాలు, 1, 2, 3 అక్షరాలు. వీటితో మీరు పేజీ అంతా తిరిగి రావచ్చు, టైపు చేసే కర్సర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అది గొప్ప సౌకర్యం. పైన ఏం రాశానో చూసుకుని, కదలకుండా మళ్లీ రాసుకోవచ్చు. కానీ ఆ సంగతి మరిచిపోతే ఏమవుతుంది? విన్నది ఒకచోట, దిద్దింది ఇంకోచోట. ఐదో వరుసలో తప్పు విని, రెండో వరుసలో అక్షరం చెరిపేస్తారు. అందుకే దిద్దే ముందు ఒక్కసారి ఎన్‌వీడీఏ కీతో పై బాణం నొక్కండి. ఎన్‌వీడీఏలో ల్యాప్‌టాప్ కీబోర్డు పద్ధతి పెట్టుకున్నవాళ్లకైతే ఎన్‌వీడీఏ కీ, ఎల్. టైపు చేసే కర్సర్ ఉన్న వరుస చదువుతుంది. చెవిన పడిన తప్పు ఆ వరుసలో ఉందా? ఉంటేనే చెయ్యి వేయండి.

ఇక ఒక డాక్యుమెంట్ నా చేతికి వస్తే ఎలా దిద్దుతానో చెబుతాను. ఫైల్ రాగానే నకలు తీసి దాచుతాను, ఎందుకో చెబుతాను ఆగండి. తర్వాత ఎన్‌వీడీఏ కీ, కింది బాణం. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ కీ, ఏ. మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోతుంది. మొదటిసారి నేను దేన్నీ దిద్దను. మనిషి ఏం చెప్పదలుచుకున్నాడో వినాలి కదా ముందు. ఏదైనా తేడాగా వినిపిస్తే కంట్రోల్ నొక్కి ఆపుతాను. చదువుతున్నంతసేపూ కర్సర్ కూడా వెంట నడుస్తుంది కాబట్టి ఆపిన చోటికి దగ్గరలోనే ఉంటుంది. అక్కడ రెండు ఎట్ గుర్తులు కొట్టి మళ్లీ చదివిస్తాను. మామూలు రాతలో రెండు ఎట్ గుర్తులు పక్కపక్కన రావు. తర్వాత కంట్రోల్ ఎఫ్‌తో వాటినే వెతుక్కుంటూ వెళ్తాను. చివర్లో ఒక్కటి కూడా మిగల్లేదని మళ్లీ వెతికి చూస్తాను.

రెండోసారి వాక్యం వాక్యం. ఆల్ట్‌తో కింది బాణం నొక్కితే వర్డ్‌లో వాక్యం నుంచి వాక్యానికి వెళ్తుంది. ఉత్త కింది బాణం నొక్కితే వరుస చదువుతుంది, కానీ వరుస అనేది కాగితం వెడల్పును బట్టి తెగుతుంది. వాక్యం సగంలో తెగితే క్రియ ఒక వరుసలో, కర్త ఒక వరుసలో పడి, పొంతన కుదిరిందో లేదో చెవికి తెలియదు. అందుకే వాక్యం. ఈసారి ఎన్‌వీడీఏ కీతో పి నొక్కి విరామ చిహ్నాలన్నీ చదివేలా పెడతాను. కామాలు, చుక్కలు, కొటేషన్లు అన్నీ పలుకుతుంది. వినడానికి విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ తెరిచిన కొటేషన్ మూశారో లేదో ఇంకెలా తెలుస్తుంది?

ఇంకో మాట, ఇది నా అనుభవం. రెండోసారి గొంతు మార్చండి. మొదటిసారి ఒక గొంతుతో విన్నది రెండోసారి వేరే గొంతుతో, కొంచెం నెమ్మదిగా వినండి. ఒకే గొంతుకు చెవి అలవాటు పడిపోతుంది, వినాల్సినవి జారిపోతాయి. వేగంగా వినగలగడం గొప్పే, నేనూ మామూలుగా వేగంగానే వింటాను. ప్రూఫులకు మాత్రం వేగం తగ్గిస్తాను.

చెవికి ఉన్న బలం ఏమిటో చూడండి. కన్ను తప్పును సరిచేసుకుని చదివేస్తుంది. "అని అని" రెండుసార్లు పడితే కన్ను ఒక్కసారే చదువుతుంది. స్క్రీన్ రీడర్ ఉన్నది ఉన్నట్టు రెండుసార్లూ పలుకుతుంది. తెలుగులో దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. "వంతెన" అనే మాటలో సున్న బదులు ఎవరో అంకె సున్నా కొట్టారు. "వ0తెన". కాగితం మీద చూస్తే తేడా తెలియదు. ముగ్గురు చూసినా తెలియకపోవచ్చు. స్క్రీన్ రీడర్ అక్కడికి రాగానే మాట మధ్యలో విరిగిపోతుంది, "వ, జీరో, తెన" అంటుంది. కొందరు సున్న బదులు ఇంగ్లీషు ఓ కొడతారు, విసర్గ బదులు కోలన్ కొడతారు. అన్నీ మన చెవికి దొరికిపోతాయి.

అనుమానం తీరకపోతే నంబర్ ప్యాడ్ 2ను మూడుసార్లు వెంటవెంటనే నొక్కండి. రివ్యూ కర్సర్ ఉన్న అక్షరానికి కంప్యూటర్ లోపల ఉండే సంఖ్య చెబుతుంది. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగు లిపికి కేటాయించినవి 3072 నుంచి 3199 దాకా. సున్న అయితే 3074. అంకె సున్నా అయితే 48. ఇంగ్లీషు చిన్న ఓ అయితే 111. విసర్గ 3075, కోలన్ 58. వీటిని బట్టీ పట్టక్కర్లేదు. మూడు వేలు దాటిందంటే తెలుగు, రెండు మూడు అంకెల్లో ఉందంటే తెలుగు కాదు, ఈ మాత్రం గుర్తుంటే చాలు.

మరి చెవికి దొరకనివి? ఉన్నాయి, వాటిని దాచకూడదు. అర్థం, అర్ధం. ఒకటి భావం, ఒకటి సగం. వేగంగా వింటే రెండూ ఒకేలా ఉంటాయి. దృఢం బదులు "ధృడం" అని రాస్తారు, విశేషం బదులు "విషేశం" అని రాస్తారు. కల, కళ. వీటిలో ఏది వచ్చినా నేను చెవిని నమ్మను. బాణం కీతో అక్షరం అక్షరం విడదీసి వింటాను. ఇలాంటి మాటల జాబితా ఒకటి నేనే తయారు చేసుకున్నాను. ప్రతి ఫైల్‌లోనూ వాటిని ఒక్కొక్కటిగా కంట్రోల్ ఎఫ్‌తో వెతికి చూస్తాను. మీ చెవికి ఏవి జారిపోతున్నాయో మీకే తెలుస్తుంది, మీ జాబితా మీరు రాసుకోండి. రెండు ఖాళీలు పక్కపక్కన పడటం కూడా చెవికి తెలియదు. దానికి కంట్రోల్ హెచ్ నొక్కి, రెండు ఖాళీల బదులు ఒకటి పెట్టమంటే సరిపోతుంది. వర్డ్‌లో స్పెల్ చెక్ ఉంది, ఎఫ్7 నొక్కితే వస్తుంది. తెలుగులో దాని మీద పూర్తిగా ఆధారపడలేం. మన మాటలకు విభక్తులు, ప్రత్యయాలు చేరి, సంధులు కలిసి లెక్కలేనన్ని రూపాలు వస్తాయి, ఏ నిఘంటువూ అన్నిటినీ పట్టుకోలేదు. ఒప్పులను కూడా తప్పులంటుంది.

బ్రెయిలీ డిస్‌ప్లే, అంటే తెర మీది మాటలను వేలికి తగిలే చుక్కలుగా చూపే పరికరం, ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అర్థమా అర్ధమా అన్నది వేలికి వెంటనే తెలిసిపోతుంది.

తెలుగు అక్షరాన్ని చెరపడంలో కూడా ఒక మెలిక ఉంది. "స్త్రీ" అని టైపు చేయండి. మనకు అది ఒక్క అక్షరం. బాణం కీకి కూడా ఒక్క అడుగే. కానీ కంప్యూటర్ లోపల అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. దానికి కుడివైపు నిలబడి బ్యాక్‌స్పేస్ కొడితే చాలా ప్రోగ్రాముల్లో ఒక్కొక్కటిగా ఊడుతుంది, ముందు దీర్ఘం పోతుంది. ఎడమవైపు నిలబడి డిలీట్ కొడితే మొత్తం ఒక్కసారే పోతుంది. కాబట్టి గుణింతం ఒక్కటే మార్చాలంటే ఏం చేయాలి? అక్షరం దాటి కుడివైపుకు వెళ్లి, ఒక్క బ్యాక్‌స్పేస్ కొట్టి, సరైన గుణింతం టైపు చేయాలి. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం. కర్సర్ ఎక్కడుంది?

ఇప్పుడు నకలు సంగతి. చాలా ఏళ్ల కింద ఒక నివేదిక దిద్దుతున్నాను. ఒక పేరా రెండుసార్లు వచ్చింది, రెండోది తీసేయాలి. కంట్రోల్, షిఫ్ట్, కింది బాణం కొట్టి పేరా ఎంచుకున్నాను, డిలీట్ కొట్టాను, సేవ్ చేశాను, పంపేశాను. ఒక పేరా మాత్రమే ఎంచుకున్నాననుకున్నాను. వేలు రెండోసారి పడిందని నాకు తెలియదు. కింద ఉన్న అంకెల పేరా కూడా పోయింది. రెండు రోజుల తర్వాత రాసినవాళ్లు ఫోన్ చేశారు. ఫైల్ మూసేశాక కంట్రోల్ జెడ్ పనిచేయదు, నా దగ్గర నకలు లేదు. వాళ్లు మళ్లీ కూర్చుని ఆ అంకెలన్నీ సేకరించాల్సి వచ్చింది. ఆ రోజు పడిన బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి నేను తప్పకుండా చేసే పని ఒకటుంది. ఎంచుకున్నాక, చెరిపే ముందు, ఎన్‌వీడీఏ కీ, షిఫ్ట్, పై బాణం. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ కీ, షిఫ్ట్, ఎస్. ఎంచుకున్నదంతా చదివి వినిపిస్తుంది. ఎంత పొడవున్నా చివరిదాకా వింటాను. విన్నాకే డిలీట్. కాపీ చేసినప్పుడు కూడా ఎన్‌వీడీఏ కీతో సి కొడితే క్లిప్‌బోర్డులో ఏముందో చెబుతుంది. అతికించే ముందు వినండి.

రూపం గురించి కొంచెం. అక్షరాలు పెద్దవా, బోల్డా, ఏ ఫాంటు అన్నవి ఎన్‌వీడీఏ కీతో ఎఫ్ నొక్కితే చెబుతుంది. కానీ హెడ్డింగ్ అంటే బోల్డ్ చేసిన వాక్యం కాదు. వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, 1 కొడితే అది మొదటి స్థాయి హెడ్డింగ్ అవుతుంది, 2 కొడితే రెండో స్థాయి. అలా పెట్టిన డాక్యుమెంట్‌లో ఎన్‌వీడీఏ కీ, స్పేస్ కొట్టి, హెచ్ నొక్కుకుంటూ పోతే హెడ్డింగ్ నుంచి హెడ్డింగ్‌కు దూకవచ్చు. రెండు వందల పేజీల పుస్తకంలో ఏడో అధ్యాయానికి వెళ్లాలంటే ఇది మంచి దారి. తిరిగి దిద్దడానికి మళ్లీ ఎన్‌వీడీఏ కీ, స్పేస్ కొట్టడం మరవకండి. లేకపోతే టైపు చేసిన అక్షరాలు ఆజ్ఞలవుతాయి.

ఇద్దరు ముగ్గురు కలిసి దిద్దేటప్పుడు ట్రాక్ చేంజెస్ పెడతారు, అంటే ఎవరేం మార్చారో ఫైల్‌లోనే గుర్తుగా ఉండేలా. వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఈ. అప్పుడు చెరిపిన మాటా, చేర్చిన మాటా రెండూ వినబడి వాక్యం గందరగోళమవుతుంది. వాక్యం వినేటప్పుడు మార్పులు కనబడకుండా నో మార్కప్ పెట్టుకోండి. ఎవరేం మార్చారో చూసేటప్పుడు ఆల్ మార్కప్ పెట్టుకోండి.

ఇక్కడ చూపున్న ఉపాధ్యాయులు కొందరున్నారు, మీకొక విన్నపం. దయచేసి "ఎరుపు రంగులో ఉన్నవి సరిచూడండి" అని పంపకండి. వినుకుంటూ పోయేటప్పుడు రంగు మాకు తెలియదు. సెట్టింగుల్లో పెడితే చెబుతుంది, కానీ అన్ని రంగులూ చెబుతుంటే వాక్యం వినబడదు. అక్కడ ఒక కామెంట్ పెట్టండి, మేం నేరుగా వెళ్తాం. స్కాన్ చేసిన కాగితం పంపితే అది మాకు ఒక బొమ్మ, అందులో అక్షరాలుండవు. పాత, యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసిన తెలుగు మాకు ఇంగ్లీషు అక్షరాల కుప్పగా వినబడుతుంది. ముందే యూనికోడ్‌లోకి మార్చి పంపితే మా సగం రోజు మిగులుతుంది.

ప్రశ్న ఒకటి వచ్చింది. "టైపు చేస్తుంటే ప్రతి అక్షరం పలకడం వల్ల ఆలోచన తెగిపోతోంది, ఏం చేయాలి?" అని. మంచి ప్రశ్న. పై వరుసలోని అంకెలతో, ఎన్‌వీడీఏ కీ, 2ను "ఆఫ్" అని వినబడేదాకా కొడితే అక్షరాలు పలకడం ఆగుతుంది. ఎన్‌వీడీఏ కీ, 3 కొడితే పదాలు పలకడం మొదలవుతుంది, ఆగుతుంది. నేను రాసేటప్పుడు పదాలు మాత్రమే పెట్టుకుంటాను. పదం పూర్తికాగానే వినబడుతుంది, తప్పైతే అక్కడికక్కడే తెలుస్తుంది. దిద్దేటప్పుడు రెండూ పెట్టుకుంటాను. మీకు ఏది హాయిగా ఉంటే అది. కొత్తలో రెండూ ఉండటమే మంచిదని నా ఉద్దేశం.

సరే, ఇప్పుడు మీకు పంపిన ఫైల్ తెరవండి. ముందు నకలు తీసుకోండి. అందులో నేను కావాలని పదకొండు తప్పులు పెట్టాను. ఒక అంకె సున్నా ఉంది, ఒక అర్ధం ఉంది, మూయని కొటేషన్ ఒకటి ఉంది, మిగతావి చెప్పను. దిద్దకుండా ముందు ఒకసారి మొత్తం వినండి. నేను మీ మధ్యలో తిరుగుతుంటాను, ఎవరికైనా చిక్కు వస్తే పిలవండి. వచ్చి ముందు అడిగే ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. కంట్రోల్ హోమ్ నొక్కండి. మొదలుపెట్టండి.